బురదలోంచి టాటా

"కదలకు మావయ్యా, మళ్ళీ లోపలికి పోతాయి" అంటూ మేనల్లుడు నా చొక్కా పట్టుకుని లాగుతున్నాడు. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట, నీళ్లు వెనక్కి తగ్గిన బురద మీద, పొద్దున్న అరగంట పాటు గొంతుక్కూర్చున్నాం.

ముందు ఏమీ లేదు. బురద, కన్నాలు, అంతే. తర్వాత ఒక కన్నంలోంచి పుల్లల్లాంటి రెండు కళ్ళు లేచాయి, ఆ వెనకే రూపాయి బిళ్ళంత పీత. ఒక డెక్క చిన్నది, రెండోది దాని ఒంటికే బరువన్నట్టుంది. దాన్ని పైకెత్తి దించుతోంది, మళ్ళీ ఎత్తుతోంది. "నాకు టాటా చెప్తోంది" అన్నాడు వాడు. వాడికి కాదు, ఆడపీతకి. ఫిడ్లర్ పీతల్లో మగవాటికే ఆ పెద్ద డెక్క, పిలవడానికీ కొట్లాటకీ తప్ప తినడానికి పనికిరాదు. ఆడది రెండు చిన్న డెక్కలతో బురద తీసుకుని హాయిగా తింటుంటే ఈయనగారు ఒంటిచేత్తో కానిస్తాడు (మా ఇంట్లో ఫోను పట్టుకుని భోంచేసే వాళ్ళు గుర్తొచ్చారు, నాతో సహా).

ఇంకోటి కూడా చెప్పాను వాడికి. పెద్ద డెక్క ఊడిపోతే మళ్ళీ మొలుస్తుంది. కొన్ని జాతుల్లో ఆ కొత్తది చూడ్డానికి భారీగానే ఉంటుంది గానీ తేలిక, పట్టు తక్కువ. అయినా ఊపడం మాత్రం ఆపదు.

"మరి ఎదుటి పీతకి తెలీదా?" అన్నాడు. చూసి పోల్చుకోవడం కష్టమేనట, కొట్లాట ముదిరితే తప్ప.

వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచేటప్పుడు మాత్రం బురద చెయ్యి ఎత్తి తిరిగి టాటా చెప్పాడు, అన్నీ ఒక్కసారిగా కన్నాల్లోకి దూరిపోయాయి.