కాటుక నోట్సు: యుక్తవయసుకు వచ్చిన మగ కుందేలు, దాని గుర్తులు

నాలుగో నెల

ఒళ్లంతా తెలుపు, కళ్ల చుట్టూ నల్లటి గీత. అందుకే కాటుక అని పేరు పెట్టాం. ఈ నెలలో వాడు కనబడిన ప్రతి అంచుకూ గడ్డం రుద్దడం మొదలుపెట్టాడు. కుర్చీ కాలు దగ్గర ఆగుతాడు, మెడ చాస్తాడు, గడ్డం కింది భాగాన్ని ఒక్కసారి ముందుకు నెట్టి తీసేస్తాడు, పక్క కాలి దగ్గరకు వెళతాడు. చదునైన గోడను పట్టించుకోడు. మూలలు, అంచులు, కొత్తగా వచ్చిన అట్టపెట్టెలు, మా చెప్పులు వాడికి ఇష్టం.

అలా రుద్దినప్పుడు అంటేది గడ్డం కింద ఉండే గ్రంథుల స్రావం. మన ముక్కుకు వాసన తెలియదు, మరక పడదు. 1960లలో ఆస్ట్రేలియాలో రోమన్ మికిటోవిచ్ అడవి కుందేళ్ల మీద చేసిన పరిశోధనల్లో, గుంపులో పెత్తనం చేసే మగవాటికి ఈ గ్రంథులు పెద్దవిగా ఉంటాయనీ, అవే ఎక్కువగా ఇలా వాసన గుర్తులు పెడతాయనీ తేలింది. ఇంట్లో పెంచే కుందేళ్లన్నీ ఆ ఐరోపా అడవి కుందేలు సంతతే కాబట్టి కాటుక చేస్తున్నది కూడా అదే పని. ఈ అలవాటును ఆపే ప్రయత్నం ఎవరూ చేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఎవరికీ నష్టం లేని పని, పైగా వాడికి అది ధైర్యం.

వృషణాలు దిగాయో లేదో కూడా చూశాను. సాధారణంగా 10 నుంచి 12 వారాల మధ్య కిందికి దిగుతాయి. అయితే భయం వేసినా, చలి వేసినా కుందేలు వాటిని పొట్టలోకి లాగేసుకోగలదు. అందుకే ఒక్కసారి చూసి ఆడది అని తేల్చేయకూడదు. చిన్న జాతులు మూడున్నర, నాలుగు నెలలకే ఈడుకు వస్తాయి. పెద్ద జాతులకు ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

ఐదో నెల

మూత్రం చిమ్మడం మొదలైంది. పరుగెడుతూ పరుగెడుతూ గాల్లోకి చిన్న గెంతు గెంతి నడుము పక్కకు తిప్పుతాడు. ఆ క్షణంలోనే సన్నటి ధార పక్కకు లేచి గోడకు తగులుతుంది. మామూలు మూత్రం అయితే నేల మీద మూలలో మడుగులా ఉంటుంది. చిమ్మినదైతే నిలువుగా ఉన్న దేని మీదైనా ఏటవాలుగా చుక్కల వరుస కనబడుతుంది. ఈ తేడా తెలుసుకోవడం ముఖ్యం. మడుగులు పెరిగితే ట్రేలో (మూత్రం, పెంటికలు వేయడానికి పెట్టినది) పోసే అలవాటులో లోపం ఉన్నట్టు, చుక్కల వరుసలు పెరిగితే హార్మోన్ల పని అన్నట్టు.

రంగు చూసి కంగారు పడాల్సిన పని లేదు. కుందేలు మూత్రం లేత పసుపు నుంచి ఇటుక ఎరుపు దాకా ఏ రంగులోనైనా ఉండవచ్చు. తిన్న ఆకుల వల్లా, ఒంట్లోని వర్ణకాల వల్లా అలా మారుతుంది. ఆరిన తరువాత సుద్దలాగా తెల్లటి పొర మిగలడం కూడా మామూలే. తిండిలో అవసరానికి మించి ఒంటికి పట్టిన కాల్షియాన్ని కుందేలు మూత్రంతోనే బయటికి పంపుతుంది. అయితే ముక్కుతూ కూర్చోవడం, వెనక భాగం ఎప్పుడూ తడిగా ఉండడం, మూత్రం చిక్కటి ముద్దలా రావడం, ఎర్రటి చారలు విడిగా కనబడడం వంటివి జరిగితే వాటిని గుర్తుల ఖాతాలో వేయకుండా డాక్టరుకు చూపించాలి.

శుభ్రం చేసే పద్ధతి: ముందు కాగితంతో అద్దేయాలి. సుద్ద పొర మీద తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి చల్లి కాసేపు వదిలితే పొర మెత్తబడి ఊడి వస్తుంది. ఆ తరువాత ఎంజైమ్ క్లీనర్ వేసి, అదంతట అదే ఆరేదాకా ముట్టుకోకూడదు. వాసనకు కారణమైన పదార్థాన్ని విరగ్గొట్టేది అదే. బ్లీచింగ్ ద్రవం అసలు వాడను. మూత్రంలోని అమ్మోనియాతో కలిసినా, వెనిగర్‌తో కలిసినా విషవాయువు వస్తుంది. కుందేలు ఊపిరితిత్తులు మనవాటికంటే చాలా సున్నితం.

ట్రేను మాత్రం తళతళలాడేలా కడగను. కొత్త కాగితపు గుళికలు పోశాక పాత తడి కాగితం ముక్క ఒకటి, గుప్పెడు పెంటికలు తిరిగి అందులోనే వేస్తాను. తన వాసన ఉంటే అది తన చోటు. ఎండుగడ్డి బుట్టను ట్రేకు ఆనుకునేలా పెట్టాను, తింటూనే పెంటికలు వేయడం కుందేలు స్వభావం కాబట్టి. గది అంచుల్లో చల్లే పెంటికలు కూడా గుర్తులే. వాటిని ఊడ్చి ట్రేలో వేయడమే మందు. దేవదారు, పైన్ చెక్కల పొట్టు, తడిస్తే గట్టిపడే బంకమట్టి గుళికలు ట్రేలోకి రానివ్వను.

ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఎక్కడ చిమ్మాడు, అంతకు ముందు ఏం జరిగింది అని రాయడం మొదలుపెట్టాను. ఎవరైనా చేయాల్సిన మొదటి పని ఇదే అంటాను. రాసుకున్న దాన్నిబట్టి రెండు సంగతులు స్పష్టంగా తేలాయి. పరుపులు, గుడ్డలు అన్నీ ఒకేసారి ఉతికిన రోజు చిమ్మడం పెరుగుతుంది. సామాన్లు అటూ ఇటూ మార్చినా అంతే. తన వాసన పోయిందని మళ్లీ రాసుకుంటున్నాడు. అందుకే ఇప్పుడు గుడ్డలు సగం సగం ఉతుకుతున్నాను. ఇంకో కుందేలును ఎత్తుకున్న చేతులతో వచ్చిన అతిథి చుట్టూ కూడా ఇదే తంతు. చేతులు కడుక్కుని, పైబట్ట మార్చుకుంటే చాలావరకు సర్దుకుంది.

ఆరో నెల

కాళ్ల చుట్టూ ప్రదక్షిణలు, గొంతులోంచి సన్నటి గురగుర, తరువాత పాదం పట్టుకుని ఎక్కడం, అప్పుడప్పుడూ పంటి గాటు. అరవడం, కొట్టడం వల్ల కుందేలుకు భయం తప్ప ఇంకేమీ రాదు. కదలకుండా నిలబడి, నుదుటి మీద అరచేయి ఆనించి తలను మెల్లగా కిందికి నొక్కి పట్టుకుంటే కాసేపటికి వదిలేస్తాడు. దారాలు ఊడని, గుండీ కళ్లు లేని మెత్తటి బొమ్మ ఒకటి పక్కకు తోస్తే దాని మీదికి పోతాడు. చెవులు పట్టి ఎత్తడం ఎప్పుడూ చేయకూడదు. గింజుకుని గట్టిగా తన్నితే కుందేలు వెన్నెముకే విరగవచ్చు.

బోనులో చేయి పెడితే ముందు కాళ్లతో కొట్టడం కూడా ఈ నెలలోనే వచ్చింది. వాడి ఇంట్లోకి అడగకుండా వెళ్లినట్టు. బయట ఆడుకుంటున్నప్పుడే బోను సర్దడం మొదలుపెట్టాక ఆ గొడవ పోయింది. పగటి పొద్దు పెరిగే కాలంలో ఈ వేడి ఇంకా ఎక్కువవుతుంది. అడవి కుందేళ్ల జతకాలం పొద్దును బట్టే నడుస్తుంది.

తోడు తెస్తే తగ్గుతుంది కదా అని చాలామంది అడుగుతుంటారు. వృషణాలు తీసేసే ఆపరేషన్ చేయని రెండు మగ కుందేళ్లను కలపడం అంటే ఒకదాని వృషణాలను మరొకటి పళ్లతో చీల్చే దాకా పోయే పోరు. ఆడదాన్ని తెస్తే సుమారు 31 రోజులకు పిల్లలు. ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ చూలు కట్టగలదు. ఈ రెండూ కాటుకకు నేను ఇవ్వదలచుకోలేదు.

ఏడో నెల: ఆపరేషన్

డాక్టరును ఎంచుకోవడానికి అడిగిన ప్రశ్నలు: కుందేళ్లకు ఈ ఆపరేషన్ తరచూ చేస్తారా, నొప్పి మందు ఇంటికి ఇస్తారా, గజ్జలో తెరుచుకుని ఉండే దారిని మూసేస్తారా. పేగు జారకుండా ఆ దారి మూయడం అవసరం. ఒకచోట ముందు రాత్రి నుంచీ తిండి ఆపమన్నారు. కుందేలు వాంతి చేసుకోలేదు, ఖాళీ కడుపు దాని పేగులకే ప్రమాదం. ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్లాను. పొద్దున్నే కూడా ఎండుగడ్డి తిననిమ్మన్నారు, వెంట వాడికి అలవాటైన ఆకుకూర తెమ్మన్నారు.

ఇంటికి వచ్చాక చూడాల్సినవి రెండే: తింటున్నాడా, పెంటికలు వేస్తున్నాడా. 12 గంటల్లో ఈ రెండూ మొదలుకాకపోతే తెల్లారే దాకా ఆగకుండా ఫోను చేయాలి. కాటుక ఆ సాయంత్రమే కొత్తిమీర కాడను పట్టుకుని నమిలాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గాయానికి ఏమీ అంటకుండా కొన్నాళ్లు గుళికలకు బదులు ట్రేలో కాగితాలే పరిచాను. నొప్పి మందు డాక్టరు చెప్పినన్ని రోజులూ ఆపకుండా వేశాను, హుషారుగా కనబడినా సరే.

ఆ తరువాత

మర్నాడే మారిపోతాడని అనుకోకూడదు. ఒంట్లో మిగిలిన హార్మోన్ తగ్గడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతకాలం ఆడ కుందేలు దగ్గరకు పోనివ్వకూడదు, ఎందుకంటే ఇంకా పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది. కాటుకలో మొదట తగ్గినది పాదం ఎక్కడం. ఆ తరువాత చిమ్మడం పలచబడుతూ వచ్చి ఆగిపోయింది. గడ్డం రుద్దడం మాత్రం అలాగే ఉంది, అది ఉండాలనే కోరుకున్నాను. తిండి గిన్నె కనబడితే ప్రదక్షిణలూ ఉన్నాయి, ఇప్పుడవి సంతోషానివి.

వచ్చే నెల పని: ఆపరేషన్ అయిన ఆడ కుందేలును పక్క గడిలో పెట్టి పరిచయం చేయడం. రెండు గడుల మధ్య కంచెల నడుమ మూతి అందనంత ఎడం ఉంచాను. రోజూ ఒకరి గుడ్డను మరొకరి గడిలోకి మారుస్తాను. కంచె వైపు చుక్కల వరుస మళ్లీ కనబడితే ఎడం పెంచి, ఇంకొన్నాళ్లు ఆగి, మళ్లీ గుడ్డల దగ్గర నుంచే మొదలుపెడతాను.