ఏడు కిలోల నాలుగు వందలు

ఏర్పేడు దాటాక ఒక మట్టిదారి ఉంటుంది. ఇటుక బట్టీల లారీలు తిరిగీ తిరిగీ దాని మీద రెండు లోతైన గాళ్లు పడ్డాయి. 2023 నవంబరులో ఒక మంగళవారం, మిట్టమధ్యాహ్నం, ఆ గాడిలోంచి స్కూటరును పక్కకు తీయబోయి ఎడమకాలు నేలకు ఆనించాను. నడుములోంచి పిక్క దాకా కాలిన తీగ ఒకటి సర్రున లాగినట్టయింది. స్కూటరు పడలేదు, నేనూ పడలేదు. తరువాత చాలాసార్లు అనుకున్నాను, పడి ఉంటేనే బాగుండేదని. పడితే దాన్ని దెబ్బ అంటారు, దెబ్బకు సెలవిస్తారు. పడకుండా వచ్చిన నొప్పిని ఎవరూ నమ్మరు. మొదట నేనే నమ్మలేదు.

ఆ రోజు యానాది కాలనీలో ఐదు కుటుంబాలకు కుల ధ్రువపత్రాల దరఖాస్తులు రాయాలి. వెళ్లాను, చాప మీద కూర్చున్నాను, ఐదూ రాశాను. లేవబోతే కాలు రాలేదు. ఇద్దరు ఆడవాళ్లు చంకల కింద చేతులు వేసి లేపారు. వాళ్లిద్దరూ పొద్దున నుంచి బట్టీలో పచ్చి ఇటుకలు మోసి అప్పుడే వచ్చినవాళ్లు.

నేను పదకొండేళ్లుగా తిరుపతిలో ఒక స్వచ్ఛంద సంస్థలో సోషల్ వర్కర్‌ను. బడి మానేసిన పిల్లలు, బట్టీల్లో అడ్వాన్సు తీసుకుని ఇరుక్కున్న కుటుంబాలు, ఆధార్ లేక పింఛను అందని ముసలివాళ్లు, ఇదీ నా లోకం. సోషల్ వర్క్‌లో పీజీ, ఎం.ఎస్.డబ్ల్యూ., చదివేటప్పుడు క్షేత్ర శిక్షణలో మొట్టమొదట నేర్పింది ఒకటుంది: ఎదుటి మనిషి ఎంత ఎత్తులో కూర్చుంటే నువ్వూ అంతే ఎత్తులో కూర్చో. వాళ్లు నేల మీద ఉంటే నీకు కుర్చీ తగదు. ఆ మాట ఇప్పటికీ సరైనదే అంటాను. కాకపోతే రోజుకు ఏడెనిమిది ఇళ్లలో, ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని ముందుకు వంగి రాస్తూ పదకొండేళ్లు కూర్చుంటే వెన్ను ఏమవుతుందో ఆ పాఠంలో లేదు.

కాలనీలకు వెళ్లి రావడానికి రోజుకు ఎనభై కిలోమీటర్ల దాకా స్కూటరు. కుడి భుజానికి సంచి. రాత్రి ఇంటికొచ్చాక మంచం మీద కాళ్లు ముడుచుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆ రోజు వివరాలన్నీ ఎక్కించాలి. ఎక్కించకపోతే పని జరగనట్టే లెక్క.

నొప్పి వచ్చాక తొమ్మిది రోజులు గట్టి నేల మీద పడుకునే ఉన్నాను. నడుముకు నేలే మందని మా వీధిలో అందరికీ తెలుసు. అత్త ఆముదం కాచి రాసింది. మా చిన్నాన్న ఫోను చేసి పుత్తూరు తీసుకుపోతానన్నాడు. పుత్తూరు కట్టు పేరు చెబితే తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ కూడా జనం వస్తారు, మా ఇంట్లోనే ఇద్దరికి చేతులు అక్కడ అతికాయి. కానీ అది విరిగిన ఎముకకు కట్టే కట్టు. నాకు ఎముక ఏమీ విరగలేదు. ఆయనకు ఈ మాట చెప్పడానికి మూడు ఫోన్లు పట్టింది.

పదో రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమకాలిని మెల్లగా పైకెత్తారు. జానెడు కూడా లేవకముందే కేక పెట్టాను. ఎమ్మారై తీశారు, ఆరున్నర వేలు. నడుము చివర ఎల్5, ఎస్1 అనే పూసల మధ్య డిస్కు వెనక్కి పొంగి కాలి నరాన్ని నొక్కుతోంది. జనం నోట్లో అది సయాటికా.

"తొమ్మిది రోజులు పడుకున్నారా? ఎవరు చెప్పారమ్మా మీకు?" అని కసురుకున్నారు. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే కండరాలు బలహీనపడతాయట. ఇలాంటి డిస్కుల్లో ఎక్కువ భాగం కత్తి పడకుండానే కొన్ని వారాల్లో తగ్గుతాయని, పొంగిన ముక్కను చాలామందిలో శరీరమే మెల్లగా కరిగించుకుంటుందని చెప్పారు. మూడు విషయాలు మాత్రం వేలు చూపించి చెప్పారు: మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకుండా వేలాడినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి రావాలి. ఈ మూడింటినీ నేను ఆ తరువాత కనీసం ఇరవై మందికి చెప్పి ఉంటాను.

ఫిజియోథెరపీ చేసే అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవు. "అక్కా, మీ రోజు ఎలా మొదలవుతుందో చెప్పండి" అని కాగితం తీసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. అది నా ప్రశ్న. వేల మందిని ఆ మాటే అడిగి కేసు వివరాలు రాసుకున్నదాన్ని, నన్ను ఎవరూ అడగలేదు. చెబుతూ పోతే అతను ఒక చోట ఆపాడు. "ఆ సంచి బరువెంత?"

తెలియదు. పదకొండేళ్లు మోశాను, తెలియదు.

ఇంటికి వెళ్తూ మా వీధి మొదట్లో ఉల్లిపాయల కొట్టు ముందు ఆటో ఆపించి సంచి తూకానికి పెట్టించాను. కొట్టతను దాన్ని తక్కెడ మీదికి ఎత్తుతూనే "ఏముందమ్మా ఇందులో, రాళ్లా?" అన్నాడు. ఏడు కిలోల నాలుగు వందలు. ఇంట్లో ఒక్కొక్కటే తీసి మంచం మీద పరిచాను. అట్ట రిజిస్టర్లు నాలుగు, ల్యాప్‌టాపూ దాని చార్జరూ, దరఖాస్తు ఫారాల కట్ట, స్టాంపు ప్యాడు, పిల్లలకు బొమ్మల కార్డులు, నీళ్ల సీసా, గొడుగు, టిఫిను డబ్బా. నాలుగు రిజిస్టర్లలోనూ ఉన్నది ఒకే కుటుంబాల పేర్లు. ఒకటి మా ఆఫీసుకు, ఒకటి నిధులిచ్చేవారికి, ఒకటి ఆడిటుకు, నాలుగోది ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఫిజియోథెరపీ అబ్బాయి నేర్పిన మొదటి వ్యాయామం చూస్తే వ్యాయామంలా ఉండదు. బోర్లా పడుకుని ఊపిరి పీల్చడమే. రెండు రోజుల తరువాత మోచేతుల మీద ఛాతీ లేపడం, తరువాత చేతులు చాచి నడుమును వెనక్కి వంచడం. పూటకు పదిసార్లు. వారం తిరిగేసరికి పిక్కలో మంట తగ్గి, పిరుదులో, నడుములో నొప్పి పెరిగింది. భయపడి ఫోను చేశాను. "కిందనుంచి పైకి వస్తోందా? చాలా మంచిది అక్కా" అన్నాడు. పాదం దాకా పాకిన నొప్పి వెన్నువైపు వెనక్కి రావడం నరం మీద ఒత్తిడి తగ్గుతోందనడానికి గుర్తట. ఎక్కువ నొప్పి ఉంటే ఎక్కువ జబ్బు అనుకునేదాన్ని. అంతకంటే నొప్పి ఎక్కడుందో చూసుకోవాలట.

ఇక డబ్బు సంగతి. నాకు నెలకు పదహారున్నర వేలు. అది జీతమని నేనే అనుకునేదాన్ని. సెలవు చీటీ రాసినప్పుడు కాంట్రాక్టు తీసి చదివాను. నేను ఉద్యోగిని కాదు, "కన్సల్టెంట్". జీతం కాదు, ఫీజు. అందుకే ప్రతి నెలా పది శాతం టీడీఎస్, అంటే ముందుగానే పట్టే ఆదాయపు పన్ను, కోసి పద్నాలుగు వేల ఎనిమిది వందల యాభై వేస్తున్నారు. కన్సల్టెంటుకు జీతంతో కూడిన సెలవుండదు, పీఎఫ్ ఉండదు, ఉద్యోగుల ప్రభుత్వ బీమా ఈఎస్ఐ ఉండదు. పెద్ద కంపెనీలకు సలహాలిచ్చేవాళ్లకు పెట్టిన పేరు తెచ్చి, మట్టిదారిలో స్కూటరు నడిపే నాకు తగిలించారు.

లెక్క వేయడం నా వృత్తి కాబట్టి వేశాను. అప్పుడు నెల జీతం 21,000 రూపాయల వరకు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తించేది. సంస్థ ఈఎస్ఐలో చేరి, నన్ను ఉద్యోగిగా చూపించి ఉంటే, నా వాటా 0.75 శాతం, అంటే నెలకు 124 రూపాయలు. సంస్థ వాటా 3.25 శాతం, 537. దానికి వైద్యంతో పాటు, ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వచ్చేది. బట్టీ కూలీలకు, హోటల్లో పనిచేసేవాళ్లకు ఈ ఈఎస్ఐ గురించి నేనే చెప్పేదాన్ని. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చెప్పి, "మీ పని గంటలు మీరే రాసుకోండి" అనేదాన్ని. నా పని గంటలు నేనెప్పుడూ రాసుకోలేదు.

మా సంస్థ నడిపే సార్ చెడ్డవారేమీ కాదు. బత్తాయిలు తీసుకుని ఇంటికి వచ్చారు, గంటసేపు కూర్చున్నారు. ఆయన వాదన ఇదీ: విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చు 50 శాతం దాకా పెట్టుకోగలిగేవారు, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో అది 20 శాతానికి దిగింది. కుర్చీ, బల్ల, బీమా, ఏది అడిగినా ఆ ఖాతాలోకే వస్తుంది. "మనది సేవ కదమ్మా" అని కూడా అన్నారు. మొదటి మాటకు నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి ఉంది, కానీ ఆయన చేతిలో బత్తాయి ఒలుస్తూ ఉన్నారు, నేను ఊరుకున్నాను.

ఊరుకోకపోవడం నేర్పింది అంగన్‌వాడీ వాళ్లు. డిసెంబరులో వాళ్ల సమ్మె మొదలైంది. రాష్ట్రమంతా 42 రోజులు సాగింది, మధ్యలో ప్రభుత్వం సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం కూడా ప్రయోగించింది. నాకేమో రోజూ నడవాలని ఆజ్ఞ. మొదట పది నిమిషాలు, తరువాత ఇరవై. నడక వాళ్ల శిబిరం దాకా పెట్టుకున్నాను. కాలనీల్లో నాతో కలిసి పనిచేసినవాళ్లే సగం మంది. వాళ్లకిచ్చేదాని పేరు గౌరవ వేతనం. అయినా 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు గ్రాట్యుటీకి, అంటే పని విడిచేటప్పుడు ఇచ్చే మొత్తానికి, అర్హులేనని తీర్పు చెప్పింది. నేను షామియానా కింద కూర్చోలేక గుంజ పట్టుకుని నిలబడితే, ఒక కార్యకర్త తన పక్కనున్నామెకు నన్ను చూపించి చెప్పింది: "అక్కకు నడుము పోయింది. వీళ్లకు యూనియన్ లేదు." రెండు వాక్యాలే. కేసు వివరాలు అంత క్లుప్తంగా నేనెప్పుడూ రాయలేకపోయాను.

ఫిబ్రవరిలో మేం నలుగురం కలిసి ఒక ఉత్తరం రాశాం. నియామక పత్రంలో ఉద్యోగి అని రాయాలి, ఆరోగ్య బీమా చేయించాలి, క్షేత్రానికి ఒక్క రిజిస్టరే తీసుకెళ్లనివ్వాలి, ఆఫీసులో వెన్ను ఆనే కుర్చీలు కావాలి. నిధులిచ్చేవారికి కూడా పంపాం. అది సార్‌కు బాధ కలిగించింది, కొన్నాళ్లు మాతో ముభావంగా ఉన్నారు. కుర్చీలు వచ్చాయి. అందరికీ కలిపి బీమా వచ్చింది. నాలుగు రిజిస్టర్లు ఒకటయ్యాయి, ఆడిటరు ఏమీ అనలేదు. నలుగురిలో ఇద్దరికి పీఎఫ్ మొదలైంది, ఆ ఇద్దరిలో నేను లేను. నా ప్రాజెక్టు వేరట.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని అందులో ఉంది, చదివి సంతోషించాను. ఉద్యోగుల వివాదాలు తేల్చే ఇంకో కోడ్‌లో, అది ఎవరికి వర్తిస్తుందో తేల్చే పరిశ్రమ అనే మాటకు నిర్వచనం చదివాక ఆ సంతోషం సగమైంది. 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో సుప్రీంకోర్టు ఆ మాటను చాలా విశాలం చేసి, ఆసుపత్రులను, విద్యాసంస్థలను, ధర్మసంస్థల్లో కూడా చాలావాటిని అందులోకి తెచ్చింది. కొత్త నిర్వచనం ధర్మ, సామాజిక, దాతృత్వ సేవా సంస్థలను బయట పెట్టింది. వివాదమంటూ వస్తే నేను ఏ గడపకు వెళ్లాలో ఇంకా వెతుక్కోవాలి.

ఇప్పుడు సంచి రెండు కిలోలు, వీపుకు రెండు పట్టీలతో. శ్రీకాళహస్తి వైపు బస్సులో వెళ్లి, అక్కడినుంచే బండి తీసుకుంటాను. ఇంట్లో ల్యాప్‌టాప్ కంటికి ఎదురుగా రావడానికి కింద మా సంస్థ వార్షిక నివేదికలు తొమ్మిది పేర్చాను. నున్నటి మందపాటి కాగితం, కదలవు. అవి ఇంత పనికొస్తాయని అచ్చు వేయించినవాళ్లు కూడా అనుకుని ఉండరు. ఎడమ చిటికెన వేలు పక్కన పాదం కొంచెం మొద్దుగానే ఉంది. అది అలాగే ఉండిపోవచ్చన్నారు.

తిరిగి కాలనీలకు వెళ్లడం మొదలుపెట్టినప్పుడు అన్నిటికంటే కష్టమైంది నేల మీద కూర్చోలేనని చెప్పడం. మొదటి రోజు నిలబడే మాట్లాడాను. నాకే తహశీల్దారులా అనిపించింది.

ఆ బట్టీ దగ్గర ఒక అవ్వ ఉంది. ఇటుకలు మోసీ మోసీ నడుము పూర్తిగా ముందుకు వంగిపోయింది. 2024 జులైలో పింఛను నాలుగు వేలయ్యాక, బ్యాంకు కాగితం ఏదో చూపించడానికి నన్ను పిలిచింది. కూర్చోమంది. "నేల మీద కూర్చోలేను అవ్వా, నడుము" అన్నాను. ఆమె ఏమీ మాట్లాడకుండా గుడిసె వెనక్కి వెళ్లి, రెండేసి చొప్పున విరిగిన ఇటుకలు తెచ్చి పేర్చసాగింది. నేను వద్దన్నా వినలేదు. మీద గోనెసంచి నాలుగు మడతలు వేసి పరిచింది. కూర్చున్నాను.

"నాకు నాలుగు వేలు ఇస్తున్నారు. నీకేమిస్తారమ్మా?" అంది.

"నాకు ఇంకా వయసు రాలేదు అవ్వా."

"వయసుకు కాదు, నడుముకు."

నేను బ్యాంకు కాగితం చదవడంలో పడ్డాను. ఆమె కాసేపు నా మోకాళ్లకేసి చూసి, "ఎత్తు చాలలేదు, లే, ఇంకో వరస పెడతాను" అంటూ మళ్లీ గుడిసె వెనక్కి వెళ్లింది.