యూగుబినా ఇంటిపేరు

దేవరపల్లి దగ్గర గౌరీపట్నం క్వారీల్లో రెండు నల్లరాతి పొరల మధ్య లేతరంగు సున్నపురాయి పొర ఒకటి ఉంటుంది. కంకర కొట్టేవాళ్ళకి దాంతో పనిలేదు. శిలాజాలు వెతికే నాలాంటి వాళ్ళు మాత్రం ఆ పొర కోసమే అక్కడికి వెళ్తారు. పైనా కిందా ఉన్నవి దక్కన్ లావా ప్రవాహాలు, మధ్యలోది ఆ రెండిటికీ నడుమ దొరికిన విరామంలో పేరుకున్నది. 2008లో శిలాజ పరిశోధకురాలు గెర్టా కెల్లర్ బృందం రాజమండ్రి క్వారీల్లోని ఈ పొరల్లో డేనియన్ కాలపు తొలినాళ్ళ ఫోరామినిఫెరాను, అంటే గుల్లలున్న ఏకకణ జీవుల శిలాజాలను, చూపించింది. డైనోసార్లు పోయిన వెంటనే వచ్చిన కాలం అది. ఆ కాలానికి గుర్తుగా మేం వెతికే జీవి పార్వులారూగోగ్లోబిజెరైనా యూగుబినా. ఒకే కణం, దాని చుట్టూ సున్నపు గుల్ల. సముద్రంలో తేలుతూ బతికింది, కొన్ని లక్షల ఏళ్ళలోపే అంతరించింది. అంత తక్కువ కాలం ఉంది కాబట్టే అది దొరికిన రాతి వయసు ఇట్టే తేలిపోతుంది. అందుకే దాన్ని సరిగ్గా గుర్తుపట్టడం మాకంత ముఖ్యం.

1964లో లూటర్‌బాకర్, ప్రిమోలీ సిల్వా అనే పరిశోధకులు ఇటలీలోని అపెన్నైన్ కొండల రాళ్ళలో దీన్ని వర్ణించి, గుబ్బియో ఊరి పాత పేరు మీద 'గ్లోబిజెరైనా యూగుబినా' అన్నారు. మన ఇంటిపేరులాగే జీనస్ (దగ్గరి జాతుల గుంపు) పేరు ముందొస్తుంది, ఆ ఇంటిపేరు దగ్గరే పేచీ. బుడగల్లాంటి గదులు చుట్టలు తిరిగి ఉంటే అప్పట్లో గ్లోబిజెరైనా అనడం సహజమే. కానీ ఇప్పటికీ సముద్రాల్లో బతికున్న అసలు గ్లోబిజెరైనా గుల్ల మీద ముళ్ళుంటాయి, రంధ్రాలు పెద్దవి. యూగుబినాకి ముళ్ళు లేవు. దాని రంధ్రాలు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే తప్ప సరిగ్గా తెలియవు. 1978లో హోఫ్కర్ అనే పరిశోధకుడు దీనికి వేరే జీనస్ పెట్టాడు, అదే పార్వులారూగోగ్లోబిజెరైనా. తర్వాతి పరిశోధకుల్లో చాలామంది దీని మూలాన్ని గెంబెలిట్రియా అనే మరో ఫోరామినిఫెరా జీనస్‌లో చూశారు. డైనోసార్లు పోయిన ఆ మహావినాశనాన్ని తట్టుకున్న అతికొద్ది జీవుల్లో అదొకటి. దాని గదులు చుట్టలుగా కాదు, మూడు వరసల్లో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. గుల్ల గోడ మాత్రం యూగుబినాలాగే ముళ్ళు లేకుండా, సన్నని రంధ్రాలతో ఉంటుంది. అంటే ఆకారం చూస్తే ఒక వంశం, గోడ చూస్తే ఇంకో వంశం! నేను గోడనే నమ్ముతాను. చుట్ట తిరిగే ఆకారం వేర్వేరు వంశాల్లో విడివిడిగా మళ్ళీ మళ్ళీ పుట్టుకొచ్చింది.

ఇంతకీ ముందు గుల్ల కంటపడాలి కదా. మామూలుగా వాడే 150 మైక్రాన్ల జల్లెడలో కడిగితే ఇవి చాలావరకు నీళ్ళతో పాటే పోతాయి, 63లో కూడా కొన్ని జారిపోతాయి. 38 మైక్రాన్ల జల్లెడ కావాల్సిందే. దాంట్లో మిగిలిన పొడిని నల్లటి ట్రేలో పల్చగా చల్లి, అతి సన్నని ట్రిపుల్ జీరో బ్రష్ కొన తడి చేసి, ఒక్కో గుల్లనీ అంటించి ఎత్తాలి. తడి కాస్త ఎక్కువైతే గుల్ల వెంట్రుకల మధ్యకి పోతుంది, ఇక బయటికి రాదు. నోటి భాగం, అంటే చివరి గదికున్న ద్వారం, ట్రే వైపు తిరిగి ఉంటే గుల్లని మెల్లగా తిరగేయాలి, ఎందుకంటే అసలు గొడవంతా ఆ నోటి దగ్గరే ఉంది.

కొన్ని గుల్లలకి నోరు చిన్న విల్లులా ఉంటుంది, కొన్నిటికి చివరి గది మీదుగా పైదాకా సాగిన సన్నని చీలికలా ఉంటుంది. చీలిక ఉన్నవాటికి 1979లో బ్లో అనే పరిశోధకుడు 'లాంజియాపెర్చురా' అని వేరే జాతి పేరు పెట్టాడు. 1999లో స్మిత్సోనియన్ ప్రచురించిన పేలియోసీన్ అట్లాస్ దాన్ని యూగుబినాలోనే కలిపేసింది. స్పెయిన్‌లో అరెనిల్లాస్, అర్స్ అనే పరిశోధకులు మాత్రం రెండూ వేరేనంటారు. వాళ్ళు ఎంత ఓపిగ్గా చూస్తారో తెలుసు కాబట్టి ఆ మాటని తేలిగ్గా తీసిపారెయ్యలేను. అయినా నా ట్రేలో విల్లుకీ చీలికకీ మధ్య అన్ని మెట్లూ కనిపిస్తున్నాయి, గీత ఎక్కడ గీయాలో తెలియడం లేదు. గోడలో తేడా కనబడనంత వరకు నాకివి ఒకటే జాతి.

లెక్కల షీట్‌లో మాత్రం యూగుబినా కింద రెండు గళ్ళు పెడతాను: విల్లు నోరు, చీలిక నోరు. నాతో ఒప్పుకోనివాళ్ళు రేపు వాటిని విడదీసుకోవాలంటే నమూనా మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టే పని ఉండదు.