రాని బాకీపై కట్టిన జీఎస్టీ

అరువుపై సరుకు అమ్మి డబ్బు రాబట్టుకోలేకపోయిన వ్యాపారులు రిటర్నుల పనిమీద నా దగ్గరకు వచ్చినప్పుడు, సొమ్మే చేతికి రాలేదు కాబట్టి దానిపై కట్టిన పన్నైనా వెనక్కి వస్తుందా అని తరచుగా అడుగుతుంటారు. రాదు. 2017 జూలై 1 నుంచి అమలులో ఉన్న మన జీఎస్టీ చట్టంలో మొండి బాకీల కోసం పన్ను తగ్గించే నిబంధన లేదు. బాకీని పుస్తకాల్లో కొట్టివేస్తే ఆదాయపు పన్ను లెక్కలో నష్టంగా చూపుకోవచ్చు గానీ, జీఎస్టీ రిటర్నులో దాన్ని రాసుకోవడానికి గడే లేదు.

సాధారణ అమ్మకందారుకు సరుకుపై పన్ను బాధ్యత ఇన్‌వాయిస్‌తోనే పుడుతుంది. కొనుగోలుదారు ఎప్పుడు చెల్లిస్తాడన్నది చట్టానికి అక్కర లేదు. లక్ష రూపాయల సరుకును 18 శాతం పన్నుతో అమ్మినవారు రావలసిన 1,18,000లో ఒక్క రూపాయి అందకపోయినా, తాను సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుకు దక్కే క్రెడిట్ (ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్) సర్దుబాటు పోను మిగిలిన పన్నును సొంత డబ్బుతో కట్టాలి.

ఇక్కడ చాలామంది క్రెడిట్ నోట్ (ఇన్‌వాయిస్ మొత్తాన్ని తగ్గిస్తూ అమ్మకందారు ఇచ్చే పత్రం) దారి పడతారు. ఆ దారి మంచిది కాదని గట్టిగా చెబుతున్నాను. 34వ సెక్షన్ ప్రకారం ఇన్‌వాయిస్‌లో విలువో పన్నో ఎక్కువ పడినప్పుడు, సరుకు తిరిగి వచ్చినప్పుడు, సరుకులోనో సేవలోనో లోపం తేలినప్పుడు మాత్రమే పన్ను తగ్గించే క్రెడిట్ నోట్ ఇవ్వాలి. డబ్బు రాకపోవడం వీటిలో లేదు. సరుకు నిజంగానే తిరిగి వచ్చినా, అమ్మకం జరిగిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, వార్షిక రిటర్ను వేసిన తేదీ, ఈ రెంటిలో ఏది ముందైతే ఆ లోపే దాన్ని చూపాలి. రాని సరుకును వచ్చినట్టు రాస్తే తనిఖీలో పన్ను, వడ్డీ, జరిమానా మూడూ మీద పడతాయి.

నన్ను నిజంగా బాధపెట్టేది 180 రోజుల నిబంధన. ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లోగా కొనుగోలుదారు విలువతో పాటు పన్నునూ చెల్లించకపోతే, తాను వాడుకున్న ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టాలని 16వ సెక్షన్, 37వ రూలు చెబుతున్నాయి. తర్వాత చెల్లించినప్పుడు ఆ క్రెడిట్‌ను మళ్లీ తీసుకోవచ్చు. సగమే చెల్లిస్తే మిగతా సగానికి తగిన క్రెడిట్ వెనక్కి పోతుంది. అంటే పన్ను అమ్మినవారి నుంచి ఒకసారి ఖజానాకు చేరింది, కొన్నవారి క్రెడిట్ రద్దు రూపంలో మరోసారి చేరింది, అయినా అమ్మినవారికి తిరిగి వచ్చేది ఏమీ లేదు. బ్రిటన్‌లో అలా కాదు: బాకీ గడువు దాటి ఆరు నెలలైనా వసూలు కాకపోతే, దాన్ని పుస్తకాల్లో కొట్టివేసిన అమ్మకందారు తాను కట్టిన వ్యాట్‌ను తర్వాతి రిటర్నులో తిరిగి కోరవచ్చు. కొనుగోలుదారు క్రెడిట్ వెనక్కి కట్టిన మేరకైనా అమ్మినవారికి ఊరట ఇవ్వడం మన చట్టానికీ అసాధ్యం కాదు, ఖజానాకు నష్టమూ ఉండదు.

అలాంటి ఊరట వచ్చేవరకు ఆ 180 రోజుల నిబంధననే వసూలుకు వాడుకోవాలి. ఐదో నెలలోనే ఇన్‌వాయిస్ నంబర్లు, తేదీలు, పన్ను మొత్తం పేర్కొంటూ, 180 రోజులు దాటితే మీ క్రెడిట్ పోతుందని ఉత్తరం రాయండి. మామూలు ఫోన్లకు కదలని ఖాతాలు కూడా దీనికి కొన్నిసార్లు కదులుతాయి. సూక్ష్మ, చిన్న తరహా తయారీదారులకు, సేవలందించేవారికి ఇంకో బలం ఉంది: ఉద్యమ్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటిన బాకీపై బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కోరుతూ ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

కోర్టుకు వెళ్లవలసి వస్తే దావా మొత్తంలో పన్నునూ తప్పక కలపండి. ఆలస్యానికి వడ్డీ వసూలైతే దాన్నీ సరఫరా విలువలో భాగంగానే లెక్కిస్తారు కాబట్టి, అది చేతికి అందిన నెల రిటర్నులో దానిపై పన్ను చూపాలి. పాత అసలు మొత్తంపై మాత్రం మళ్లీ పన్ను ఉండదు.