చాదస్తం అనే ముందు ఒక్క నిమిషం

వద్దన్నా అవే ఆలోచనలు తెచ్చి, అదే పని మళ్లీ మళ్లీ చేయించే జబ్బు ఓసీడీ. దానికి మన ఇళ్లలో పెట్టిన పేరు చాదస్తం. ‘వాడు మొదట్నుంచీ అంతేనండీ, అనుమానం మనిషి’ అనేస్తారు. జబ్బూ స్వభావమూ కలిపి ఒకే మూట కట్టేసినట్టే. పైన డిప్రెషన్ కూడా తోడైతే ఆ మూట విప్పడం డాక్టర్లకే తలనొప్పి.

స్వభావానికి పాత్ర లేదని కాదు. మానసిక వైద్యుడు క్లోనింజర్ రూపొందించిన, స్వభావాన్ని కొలిచే టీసీఐ ప్రశ్నావళి ఇస్తే, ఓసీడీ వాళ్లలోనూ డిప్రెషన్ వాళ్లలోనూ రెండు సంగతులు పదేపదే బయటపడతాయి. ఏదో ముప్పు వస్తుందని ముందే వెనకడుగు వేసే గుణం ఎక్కువ, తన బతుకు తన చేతిలో ఉందన్న ధీమా తక్కువ. ఇవి ఉమ్మడి సొత్తు. ఓసీడీలో మరీ గట్టిగా కనిపించేవి ఇంకొన్ని: అన్నిటికీ తనదే పూచీ అనుకోవడం, ‘ఏమో’ అన్న మాటను భరించలేకపోవడం, చెడ్డ ఆలోచన రావడమూ చెడ్డ పని చేయడమూ ఒకటే అనుకోవడం. మనిషిని లోపల్నుంచి తినేసేది ఈ చివరిదే. దీపం పెడుతుండగా దేవుడి మీద ఓ బూతు మాట మనసులో మెదులుతుంది. అదే తన అసలు రూపమని హడలిపోయి ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పరు. ఆ మాట నిజంగా తనదైతే అంత వణుకెందుకు?

ఓసీపీడీ అని ఇంకోటుంది, అంతా పద్ధతిగా ఉండాలనే పట్టుదల వ్యక్తిత్వంలోనే పాతుకుపోవడం. పేరు దగ్గరే గానీ సంగతి వేరు. అక్కడ మనిషికి తన పద్ధతే సరైనదనిపిస్తుంది, నలిగేది పక్కవాళ్లు. ఓసీడీలో తను చేసేది అతి అని చాలామందికి తెలుసు, ఆపలేరు. రెండూ ఒకరిలోనే ఉండొచ్చు కూడా.

ఇక గ్యాస్ నాబ్ కట్టేశామో లేదో అని పదేపదే చూసుకునే సంగతి. 2003లో వాన్ డెన్ హౌట్, కిండ్ట్ అనే పరిశోధకులు ఏ జబ్బూ లేనివాళ్లచేత కంప్యూటర్ తెర మీది గ్యాస్ స్టవ్‌ని మళ్లీ మళ్లీ చెక్ చేయించారు. చివరికి జ్ఞాపకం తప్పడం పెద్దగా పెరగలేదు గానీ, దాని మీద నమ్మకం పడిపోయింది, చూసిన దృశ్యం మసకబారింది. అంటే అనుమానం వల్లే చెక్ చేయడం కాదు, చెక్ చేయడం వల్ల కూడా అనుమానం పుడుతుంది. ‘అనుమానం మనిషి’ అని మనం అనేదాంట్లో కొంత ఆ అలవాటు తయారుచేసిందే.

డిప్రెషన్ మాయ ఇంకోలా ఉంటుంది. దిగులు ముదిరినప్పుడు వ్యక్తిత్వ పరీక్ష పెడితే ఎవరైనా పిరికిగా, చేతకానివాళ్లుగా తేలతారు. దిగులు తగ్గాక అవే మార్కులు కొంత మారతాయి. అందుకే అప్పుడే ముద్ర వేయకండి. జబ్బుకు ముందు ఎలా ఉండేవారో చిన్నప్పట్నుంచి ఎరిగినవాళ్లని అడగండి. ఏది ముందు మొదలైందో కనుక్కోండి. చాలామందిలో ఓసీడీ ముందు వస్తుంది, రోజూ గంటలకు గంటలు దానికే పోయాక దిగులు వచ్చి కూర్చుంటుంది. కొలవడానికీ వేర్వేరు స్కేళ్లు: ఓసీడీకి వై-బాక్స్, 10 అంశాలు, మొత్తం 40 మార్కులు, డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9, మొత్తం 27 మార్కులు. ఇందులో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొహమాటపడి దాన్ని వదిలేయకూడదు.

అసలు పొరపాటు మందుల దగ్గర జరుగుతుంది. రెండింటికీ వాడే ఫ్లూక్సెటిన్ అనే మందు రోజుకి 20 మిల్లీగ్రాములతో డిప్రెషన్ కొన్ని వారాల్లో తేలికపడొచ్చు. ఓసీడీకి తరచూ 40 నుంచి 80 దాకా కావాలి, ఫలితం తేల్చడానికి 8 నుంచి 12 వారాలు ఆగాలి. (డోసు మార్చేది డాక్టరే, మీరు కాదు.) నెలన్నరకి ముఖంలో కళ వస్తుంది, చేతులు కడగడం మాత్రం ఆగదు. ఇంట్లోవాళ్లు ‘జబ్బు తగ్గిందిగా, ఇది వాడి గుణం’ అని మందు మాన్పిస్తారు. సగం వైద్యం అక్కడితో ఆగిపోతుంది.

స్వభావాన్ని నిజంగా లెక్కలోకి తీసుకోవాల్సింది ఈఆర్‌పీ అనే థెరపీలో, అంటే భయపెట్టేదాన్ని ఎదుర్కొంటూ, చేయాలనిపించే పనిని ఆపుకోవడం నేర్పేదాంట్లో. తాళం ఒక్కసారే వేసి, లాగి చూడకుండా వెళ్లిపోవాలి, ఆ గుబులు దానంతటదే దిగేదాకా ఓర్చుకోవాలి. అంతా సరిగ్గా ఉండాలనే మనిషి ఇక్కడా వదలడు: హోంవర్క్ కాగితం మీద గీతలు గీసి, టైము నిమిషాలతో సహా రాసి, తప్పు పడితే కొట్టేసి మళ్లీ రాస్తాడు. కాగితమే కొత్త తంతు అయిపోతుంది. అలాంటివాళ్లకి మొదటి వారం పని: గళ్లు వంకరగా గీయడం, ఒక స్పెల్లింగ్ కావాలని తప్పు రాయడం, దిద్దకుండా అలాగే పట్టుకురావడం.