నాయన మెస్ టిన్

2024 భోగికి, బడికి వారం సెలవు పెట్టించి మరీ పిల్లల్ని చిత్తూరు తీసుకెళ్ళాను. తెల్లవారుజామున మంటలో వేయడానికి పాతవన్నీ వాకిట్లో పోగేస్తూ, నాయన ఆలివ్ గ్రీన్ జర్సీ కూడా తెచ్చి పడేశాను. మెడ సాగిపోయింది, మోచేతుల దగ్గర కుట్టిన గుడ్డ పిగిలిపోయింది. కొత్త స్వెట్టర్లు రెండు తెచ్చాను కదా అనుకున్నాను. నాయన ఒక్క మాటా అనలేదు. పదేళ్ళ మా వాడు మాత్రం పరుగున వచ్చి దాన్ని లాక్కున్నాడు.

"వద్దమ్మా, ఇది తాత ఊబీ!"

మేముండేది టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో. అక్కడ ఏ వీధిలో చూసినా సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు ఉంటారు. మా పక్కింటి పెద్దాయనా అంతే. ఊబీ అంటే అమెరికన్ సైనికులు పోంచో లైనర్‌కు పెట్టుకున్న ముద్దుపేరు. పల్చటి నైలాన్ పొరల మధ్య పాలిస్టర్ దూది పెట్టి కుట్టిన దుప్పటి అది, వియత్నాం యుద్ధకాలం నాటిది. తడిసినా తొందరగా ఆరిపోతుంది. ఉద్యోగం వదిలేటప్పుడు తిరిగి ఇవ్వాల్సి వస్తే, పోయిందని చెప్పి డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నానని ఆయన మా వాడికి చెప్పాడట. ఇప్పటికీ టీవీ ముందు అదే కప్పుకుంటాడు. ఆయన తాళాల గుత్తికి పి-38 కూడా ఉంటుంది, బొటనవేలంత డబ్బా ఓపెనర్. 1942లో సైనికుల రేషన్ డబ్బాల కోసం తయారుచేశారు. ఆ డబ్బాలు 1980ల్లోనే పోయాయి. ఆయన మాత్రం పీచ్ పండ్ల డబ్బా ఇప్పటికీ దాంతోనే తెరుస్తాడు.

ఇవన్నీ ఇష్టంగా వినే పిల్లవాడికి మా నాయన వస్తువుల గురించి నేనెప్పుడూ చెప్పలేదు. ఆదివారం తెలుగు క్లాసుకు పంపాను, పద్యాలు నేర్పించాను. ఫోన్లో తాతతో "బాగున్నాను" అని చెప్పేసి ఫోన్ నా చేతికిచ్చేవాడు. ఆ బాధ నాకు చాలా ఏళ్ళుగా ఉంది.

నాయన కూడా సైన్యంలో పనిచేసినవాడే, మద్రాస్ రెజిమెంట్. ట్రైనింగ్ నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో. ఆ జర్సీ వేసుకునే ఇప్పటికీ చలికాలం తెల్లవారుజామున ఆవు పాలు పిండుతాడు. నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో రాసిన నంబరు, పేరు అలాగే ఉన్నాయి. అందులో ఇప్పుడు పొలం కాగితాలు, విత్తనానికి దాచిన చెనిక్కాయలు. ఆ రోజు తాతా మనవడూ దాని ముందు కూర్చున్నవాళ్ళు మధ్యాహ్నం దాకా లేవలేదు. వాడు నంబరు చదివితే నాయన కళ్ళు మూసుకుని అప్పజెప్పాడు. మర్నాడు సంక్రాంతి, ఆర్మీ డే కూడా. 1949లో అదే రోజు కరియప్ప మన సైన్యానికి మొదటి భారతీయ సైన్యాధిపతి అయ్యాడని తాత చెబితే, ఇంగ్లిషు కలిపి మా వాడు చెల్లెలికి చెప్పాడు.

జర్సీ నాయన దగ్గరే ఉండిపోయింది. బయల్దేరేటప్పుడు, సైనికులు అన్నం తినే మెస్ టిన్ మనవడికిచ్చాడు. ఒకదాంట్లో ఒకటి దూరే రెండు అల్యూమినియం గిన్నెలు, మడిచే పిడులు. పొలానికి ఒకదాంట్లో సంగటి, ఇంకోదాంట్లో పప్పు తీసుకెళ్ళేవాడు.

"బూడిదేసి తోము నాయనా, బాగా తెల్లగొస్తుంది" అన్నాడు.

అంతకుముందు మా వాడు అన్నం డబ్బా బడికి తీసుకెళ్ళేవాడు కాదు, వాసన వస్తుందంటారని. ఇప్పుడు శుక్రవారాలు మెస్ టిన్‌లో పులిహోర తీసుకెళ్తాడు. చిన్న గిన్నె బోర్లిస్తే మూత అవుతుంది గానీ బిగుతుగా ఉండదు, అందుకే పప్పన్నం పెట్టను.

మొదటి శుక్రవారం సాయంత్రం బూడిద కావాలన్నాడు. మా ఇంట్లో గ్యాసు పొయ్యి. కాసేపు ఆలోచించి, గిన్నెలు పట్టుకుని పక్కింటికి వెళ్ళాడు, బార్బెక్యూ బూడిద అడగడానికి. కిటికీలోంచి చూస్తున్నాను. పెద్దాయన బూడిద సంగతి పక్కనపెట్టి, గిన్నె అందుకుని తిరగేసి చూశాడు, పిడి విప్పాడు, మడిచాడు, మళ్ళీ విప్పాడు. మా వాడు పక్కనే మెట్టు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.