స్టేజీ మీద బేస్ గిటార్ వినడానికి ఇన్-ఇయర్ ఎంచుకున్నాను: నా అనుభవం

బేస్ ఎక్కువ కొట్టే హెడ్‌ఫోన్ బేస్ గిటారిస్టుకు పనికిరాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే సలహా అడిగితే షాపులోనైనా, తోటి కళాకారులైనా మొదట చూపించేది అలాంటిదే.

మాది పెళ్లి సంగీత్‌లలో, వినాయక చవితి పందిళ్లలో సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రా. నాది అయిదు తీగల బేస్. స్టేజీ మీద నా చోటు డ్రమ్స్ పక్కనే. చెవి పక్కన సింబల్స్, ముందు సింగర్ల మానిటర్ స్పీకర్లు, కింద సబ్ ఊఫర్ల అదురు. ఆ మోతలో నేను వాయిస్తున్నది ఒళ్లంతా తెలుస్తుంది కానీ, అది ఇ నోటా, ఎఫ్ నోటా అన్నది తేలదు. ఫ్రెట్లు (గిటార్ మెడ మీది అడ్డగీతలు) చూసుకుంటూ వాయించాల్సిందే. ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్‌మని మోత. శబ్దం 85 డెసిబెల్స్ ఉంటే ఎనిమిది గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ అందులో సగం సమయమే చెవికి క్షేమమని పని చోట్ల ఆరోగ్యం, భద్రతపై పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ లెక్క. అంటే 100 దగ్గర పావుగంట. సంగీత్ ప్రోగ్రాం పావుగంటలో అయిపోదు కదా. అందుకే చెవులు కాపాడుకుంటూ, వాయించేది వినిపించే దారి వెతకడం మొదలుపెట్టాను.

ఇంట్లో పాటలు నేర్చుకోవడానికి వాడే ఆడియో టెక్నికా ఎమ్50ఎక్స్ హెడ్‌ఫోన్ నా దగ్గర ఉంది. చెవిని పూర్తిగా కప్పే రకం, ఇంట్లో దానికి వంక పెట్టలేను. కానీ మే నెల పెళ్లిలో, స్టేజీ లైట్ల కింద చెవులు కప్పుకుని గంటల తరబడి నిలబడటం కష్టం. చెమటకి జారుతుంది, తాళానికి తల ఊపితే కదులుతుంది. బ్లూటూత్ సంగతి లెక్క వేస్తేనే తేలిపోతుంది. నిమిషానికి 120 బీట్ల టెంపోలో పదహారో వంతు నోటు 125 మిల్లీసెకన్లు. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం ఇంచుమించు అంతే ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మీటిన నోటు ఒక నోటు ఆలస్యంగా చెవికి వస్తే వాయించలేం. కాబట్టి వైరున్న ఇన్-ఇయర్, అంటే చెవి లోపలికి దూర్చుకునే ఇయర్‌ఫోన్ అని ఖాయం చేసుకున్నాను. బేస్‌కు ఎలాగూ కేబుల్ ఉంటుంది, దాంతోపాటు ఇంకొకటి పెద్ద బరువేమీ కాదు.

ఇక ఏ ఇన్-ఇయర్ అన్నది. వదులుగా వదిలిన ఇ తీగ 41 హెర్ట్జ్, బి తీగ 31 హెర్ట్జ్. స్టేజీ మీద ఆ అడుగు శబ్దం సబ్ ఊఫర్ల నుంచి ఒంట్లోకి ఎలాగూ వచ్చేస్తుంది, చెవులు మూసుకున్నా ఆగదు. కరువల్లా ఆ నోటుతో పాటే మోగే పై స్వరాలకే. 41కి రెట్టింపు 82, మూడింతలు 123, ఇంకా పైన వేలు తీగను వదిలినప్పటి ఆ 'టక్'. చెవి నోటును పట్టుకునేది ఎక్కువగా వీటితోనే. అడుగు బేస్ ఉబ్బించిన ఇయర్‌ఫోన్‌లో ఇవి మునిగిపోతాయి. అందుకే నేను చూసింది ఎంత బేస్ వస్తోందని కాదు, ప్రతి నోటూ సమానంగా వస్తోందా అని.

పరీక్ష కూడా అలాగే పెట్టుకున్నాను. బేస్‌ను చిన్న హెడ్‌ఫోన్ యాంప్‌కి పెట్టి, ఒకే బలంతో మీటుతూ, బి తీగ మీద ఒక్కో ఫ్రెట్టూ మెల్లగా పైకి వెళ్లడం. తర్వాత అదే ఇ తీగ మీద. స్నేహితుల దగ్గరున్నవి అడిగి తెచ్చుకున్నాను. ఒక్కో దానిలో అయిదారు డ్రైవర్లు (లోపలి బుల్లి స్పీకర్లు) ఉన్న ఒక చవక రకంలో పాటలు జిగేల్‌మన్నాయి కానీ, నా బేస్ మాత్రం రెండు నోట్లు ఎగిరి, మూడోది మాయమై వచ్చింది. డ్రైవర్ల సంఖ్యను చూసి కొనకూడదని నాకు అక్కడే గట్టిగా అనిపించింది. షూర్ ఎస్ఈ215, సెన్‌హైజర్ ఐఈ 100 ప్రో, రెండింటిలోనూ చెవికి ఒకే ఒక డైనమిక్ డ్రైవర్. రెండూ బాగున్నాయి. ఐఈ 100లో నోటు మొదలు ఇంకాస్త విడిగా వినిపించింది, దాన్నే తీసుకున్నాను. నా చెవి ఆకారం వేరుగా ఉంటే షూరే నచ్చేదేమో.

ఎందుకంటే అసలు కథంతా చెవిలో ఎలా కూర్చుంటుందన్న దాని మీదే ఉంది. ఇయర్‌ఫోన్ కొసకు తొడిగే ఫోమ్ టిప్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో అలాగే పట్టుకోవాలి. మొదట్లో బి తీగ చప్పగా, దూరంగా ఉంటుంది. ఫోమ్ చెవి గోడలకు ఆనగానే ఒక్కసారిగా అడుగంతా వచ్చి నిలబడుతుంది. నాబ్ తిప్పలేదు, ఏమీ మార్చలేదు! నా కుడి చెవికి మీడియం, ఎడమ చెవికి చిన్నది. రెండు చెవులూ ఒకే సైజు ఉండాలని లేదు. సందు ఉండగా బేస్ పెంచడం పంక్చరైన టైరుకు గాలి కొట్టడమే.

మొదటి ప్రోగ్రాంలో సౌండ్ చెక్‌కు అందరికంటే ముందే వెళ్లాను. "అన్నా, నా ఇయర్ సెండ్ ప్రీ ఫేడర్ పెట్టవా?" అని సౌండ్ ఇంజనీర్‌ని అడిగాను. అంటే నా చెవికి వచ్చే శబ్దాన్ని ఫేడర్ (వాల్యూమ్ మీట) కంటే ముందే విడిగా తీయడం. లేకపోతే జనం కోసం ఆయన బేస్ ఫేడర్ కదిపినప్పుడల్లా నా చెవిలోనూ మారుతుంది. "పెడతా తమ్ముడూ, ముందు కిక్ వినిపిస్తోందా చెప్పు" అన్నారు. అదే సరైన వరస. ముందు కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), దాని పక్కన బేస్, తర్వాత సింగర్ గొంతు, స్వరానికి ఆసరాగా కొంచెం కీబోర్డు. నా బేస్‌లో 800 హెర్ట్జ్ చుట్టూ కాస్త పెంచమన్నాను, 30 కింద కోసేయమన్నాను. జనం చప్పట్లు, పెళ్లివారు అరిచి అడిగే పాటలు కూడా వినపడాలి కదా, అందుకని స్టేజీ అంచున ఒక మైకు పెట్టించి అదీ కొద్దిగా కలిపించాను. మిక్సర్‌లో నా లైనుకు, శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ తప్పనిసరి. ఎవరైనా వైరు పీకినప్పుడు వచ్చే 'ఢబ్' నేరుగా చెవి పర్దా మీదే పడుతుంది.

ఒక చెవిది తీసేసి వాయించే అలవాటు చాలామందిలో చూస్తుంటాను. దయచేసి అది మానండి. తీసిన చెవి డ్రమ్స్ మోతకు బలి అవుతుంది, రెండో చెవిలో వాల్యూమ్ తెలియకుండానే పెరుగుతుంది. వాల్యూమ్ తగ్గితే అన్నిటికంటే ముందు అడుగు స్వరాలే పల్చబడతాయని శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. అందుకే పెంచాలన్న ఆశ మిగతావాళ్లకంటే మనకే ఎక్కువ. నేను సౌండ్ చెక్‌లో యాంప్ నాబ్ ఎక్కడుందో అక్కడ టేపు ముక్క అంటిస్తాను. మధ్యలో వినబడకపోతే దాన్ని దాటి తిప్పను, సింగర్‌నో కీబోర్డునో తగ్గించమని అడుగుతాను.

ఫోమ్ టిప్స్ చెమటకు త్వరగా మెత్తబడిపోతాయి, బ్యాగులో ఎప్పుడూ ఇంకో ప్యాకెట్ ఉండాల్సిందే. వినికిడి యంత్రాలు అమర్చే సెంటర్లలో చెవిలోకి సిలికాన్ ఎక్కించి అచ్చు తీస్తారు, దానితో మన చెవికి సరిపోయే టిప్స్ చేయించుకోవచ్చు. ఈ ముహూర్తాలు అయిపోగానే ఆ పని చేయించుకుంటాను.